నేలకు దోషమున్నదా?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిన మాటలోని సత్యము ఇల్లు కట్టినవారికెల్ల అనుభవైకవేద్యము. గోడలు లేచువరకు ధనచింత యొక్కటే. నేల వేయునాటికి దానికి శాస్త్రచింత తోడగును. మొజాయిక్ వేయవలెనా, బండలు పరువవలెనా, ఈశాన్యమున ఏ రంగు, నైరృతిన ఏ రంగు, నల్లరాతి పలుకులు కలుపవచ్చునా అను ప్రశ్నలు తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములందలి మన తెలుగు గృహములలో చిరకాలముగా వినవచ్చుచున్నవి. నేడు మొజాయిక్ స్థానమును చాలవరకు విట్రిఫైడ్ టైల్స్ ఆక్రమించినను ప్రశ్నలు మారలేదు. ఇవి చిన్నవిగా కనిపించును గాని, వీని వెనుక ఒక ధర్మసందేహము దాగియున్నది. గృహమునందు జరుగు మంచిచెడ్డలకు బాధ్యత నేలదా, ఆ నేలను వేయించి దానిపై నివసించు మనుష్యునిదా?

మొజాయిక్ అని మనము వ్యవహరించుచున్నది టెర్రాజో. ఇటలీ దేశమున వెనీసు ప్రాంతపు పనివారు పెద్ద భవనములకు చెక్కగా మిగిలిన పాలరాతి ముక్కలను వృథాపోనీయక నేలలకు వాడుటనుండి ఈ విద్య పెరిగినదని చెప్పుదురు. మొదట కాంక్రీటు పరుపు వేసి, వాటము సరిచూచి, గాజు పట్టీలతో గళ్ళుగా విభజింతురు. ఒకచోట నేల చిట్లినను ఆ పగులు గదియంతయు ప్రాకకుండుటకే ఈ గళ్ళు. పిమ్మట సిమెంటు, పాలరాతి పొడి, రంగు, రాతి పలుకులు కలిపి పరచి, అదిమి, కొన్ని దినములు నీటితో తడిపి, ముతక రాతితో మొదలిడి సన్నరాతి వరకు అంచెలంచెలుగా అరగదీసి, తుదకు ఆక్జాలిక్ ఆమ్లముతో మెరుగు పెట్టుదురు. ఇందు రంగు నచ్చకున్నచో పైన చాప పరచుకొనవచ్చును. వాటము మాత్రము అడుగు పరుపులోనే నిర్ణయమగును. పిదప దిద్దుట మిక్కిలి కష్టము. అయినను మనము రంగును గూర్చి నెలరోజులు చర్చించి, నీరు ఎటు పోవునని అరగంటయైనను ఆలోచింపము.

శాస్త్రమేమి చెప్పుచున్నది? 6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుని బృహత్సంహితయందు వాస్తువిద్యకు ప్రత్యేకాధ్యాయము కలదు. పోర్ట్‌లాండ్ సిమెంటునకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ హక్కుపత్రము పొందినది 1824లో. కావున మొజాయిక్ పలుకుల మాట ఆ గ్రంథమున వెదకుట వ్యర్థము. అందున్నది భూపరీక్ష. గుంట త్రవ్వి ఆ మట్టితోనే పూడ్చినపుడు మట్టి మిగిలిన ఉత్తమము, సరిపోయిన మధ్యమము, చాలకున్న అధమము. గుంటను నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగివచ్చునప్పటికి నీరు తగ్గకున్న మంచిది. ఇవి గట్టినేలను గుల్లనేలనుండి వేరుపరచు ఉపాయములు. పునాది దిగబడునేమోయని భయపడు ఏ మేస్త్రీకైనను ఇందలి యుక్తి బోధపడును.

వాటము తూర్పునకో ఉత్తరమునకో ఉండవలెనను మాట మన ప్రాంతమునకు సహజముగనే అమరినది. తిరుత్తణి కొండలనుండి సముద్రము వైపునకు మన భూమి తూర్పుగా దిగుచున్నది. కొసస్తలై యారు ఆ దిక్కునకే పారి, పూండి జలాశయమును నింపి, ఎన్నూరు వద్ద కడలిలో కలియుచున్నది. ఇంటి నీటిని ఆ వైపునకే పోనిచ్చుట ప్రకృతికి అనుకూలము. మలబారు తీరమున భూమి పడమటికి వాలియున్నది. అంతమాత్రమున అచ్చటి గృహములు పాడుపడినవా?

ఇంతకంటె ఆలోచింపదగినది మరియొకటి కలదు. అదే గ్రంథమున వాటములు ఉత్తరము మొదలుకొని ప్రదక్షిణముగా నాలుగు వర్ణములకు పంచబడినవి. మట్టి రంగులును తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు అని అట్లే పంచబడినవి. నేడు మనలో ఆ పంపకమును పాటించువారు కానరారు. అనగా, శాస్త్రమునందు కొంత విడువదగినదని మన అంతరాత్మ ఇదివరకే తీర్పు చెప్పినది. తీర్పు చెప్పు అధికారమును ఒకసారి చేకొనిన పిమ్మట, తక్కిన విషయములలో “శాస్త్రము చెప్పినది, నేనేమి చేయుదును” అని తప్పించుకొనుట న్యాయము కాదు.

ఈ తప్పించుకొనుట నా యింటనే జరిగినది గనుక చెప్పుచున్నాను. 1994లో, గుమాస్తా జీతమున మిగిల్చినదానితోను, భవిష్యనిధినుండి తీసినదానితోను చిన్న యిల్లు కట్టితిని. ఈశాన్యమున తెల్లని పలుకులు, ఆగ్నేయమందలి వంటయింట ఎర్రని రంగు, ఇట్లు ఒక సిద్ధాంతిగారు చెప్పిన విధముగ మొజాయిక్ వేయించితిని. అప్పుడు మా అమ్మ, “నాయనా, స్నానాల గది వాకిలి కాడ మెరుగు పెట్టొద్దను. తడికాళ్ళతో వచ్చేదాన్ని నేనే గదా” అనెను. అద్దమువలె మెరయు నేలలో గరుకు మచ్చ యేలయని నేను వినలేదు. రెండేండ్లకు ఆ వాకిలి వద్దనే, నీరు నిలిచినచోట, ఆమె కాలు జారి పడెను, తుంటియెముక విరిగెను.

చూడవచ్చిన బంధువులు నేలకు దోషమున్నదనిరి. నల్లపలుకులున్న మేర తీసివేయుమని ఒకరు, నేలయంతయు పగులగొట్టించుమని మరియొకరు చెప్పిరి. నిజము చెప్పవలెనన్న, ఆ మాటలు నాకు ఓదార్పుగా నుండెను. దోషము రాతిపలుకులదైనచో నాది కాదు గదా! మంచముపై నున్న అమ్మ మాత్రము, “నేలనెందుకు తిడతారు? ఎట్లా వెయ్యమంటే అట్లా పడుండాది పాపం” అనెను. ఆమె నన్ను ఒక్క మాటయైనను అనలేదు. నా తప్పు నాకు తెలిసినది ఆ మాటతోనే.

నేలను పగులగొట్టింపలేదు. ఆ వాకిలి ముందు మూడడుగుల మేర గీతలు కొట్టించి గరుకు చేయించితిని. పట్టుకొనుటకు గోడకు ఇనుపకమ్మి బిగించితిని. చేతికర్రతో ఆమె మరి ఆరేండ్లు ఆ వాకిలిగుండ నడచెను. ఆ పని ఒక పూటలో ముగిసినది. దానిని రెండేండ్ల ముందే చేయకుండుటకు ఏ గ్రహమును అడ్డుపడలేదు.

ఒక యింటికి వర్తించునది ఒక సంఘమునకును వర్తించును. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి నాటి మదరాసు రాష్ట్రమున చేరెను. మన యిండ్ల దిక్కులు గాని వాకిళ్ళు గాని ఆ దినమున మారలేదు, రాష్ట్రము మారినది. ఆ పిదప ఏ యింట తెలుగు నిలిచినదో, ఏ యింట నిలువలేదో చూచినచో, అది ఇంటి వాటమును బట్టి జరుగలేదు. పిల్లలకు అక్షరములు దిద్దించిన యింట నిలిచినది.

ఇట్లనుటచే వాస్తువును త్రోసివేయవలెనని నా అభిప్రాయము కాదు. గాలి, వెలుతురు, నీరు, నడక అనువానిని గూర్చి కట్టుటకు ముందే ఆలోచింపజేయునది వాస్తువు. ఏ నేలపై తన మనస్సు సంతసించునో అది వానికి శుభమని వరాహమిహిరుడును అంగీకరించెను. తెల్లని పలుకుల వలన ఒక గృహిణికి మనశ్శాంతి కలిగినచో అట్లే వేయింపవచ్చును. అందు ఎవరికిని హాని లేదు. కాని గట్టిగానున్న నేలను భయముచే పగులగొట్టించి అప్పులపాలగుట, ముహూర్తము ముంచుకొనివచ్చినదని తడుపు దినములు తగ్గించి నేలను బలహీనపరచుట, తొందరలో కూలివానిచే ఒట్టిచేతులతో ఆమ్లము రుద్దించుట, ఇవి దోషములు. వీనిని ఏ దిక్కునకును అంటగట్టలేము.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి స్థలపురాణము మనమెల్లరము ఎరిగినదే. స్వామి ముదుసలి అతిథియై శాలిహోత్ర మహర్షి కుటీరమునకు వచ్చి, ఆయన పెట్టిన పిండిని ఆరగించి, పరుండుటకు చోటు ఏదియని అడిగెనట. తమిళమున “ఎవ్వుళ్” అను ఆ ప్రశ్నయే ఊరి పేరునకు మూలమందురు. మహర్షి తాను పరుండుచోటునే చూపెను; స్వామి అచ్చటనే శయనించెను. ఆ నేల రంగును గూర్చి కథ చెప్పువారెవ్వరును పలుకరు. అలసినవారికి అచ్చట విశ్రాంతి లభించినది, అంతియే చెప్పుదురు.

కావున నేల వేయించు సోదరులు సిద్ధాంతిగారిని అడిగినను, అడుగకున్నను, ఇంటనున్న ముదుసలిని, ప్రాకుచున్న బిడ్డ తల్లిని, దినదినము ఆ నేల తుడుచు పనిమనిషిని తప్పక అడుగుదురు గాక. నేను అడుగలేదు, అమ్మ అడుగకయే చెప్పినను వినలేదు.