కట్ట కింద చెమ్మ

ఒక ఊళ్లో పెద్ద చెరువుంది. కట్ట కింద చెమ్మ కనబడితే చాలు, పెద్దకాపుకు కునుకు పట్టదు. మనుషులకు గునపాలిచ్చి పంపి కట్టను పన్నెండు చోట్ల తవ్వించేవాడు. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు, వరసగా గుంటలు తీసుకుంటూ పోవడమే. ఒక్కోసారి ఎవరికీ కీడు చెయ్యని చిన్న ఎండ్రకాయ బొక్క దొరికేది. దాని కోసం కట్టంతా విప్పి మళ్లీ పోసేవారు. అసలు బొరియ మాత్రం రెండు గుంటల నడుమ తప్పించుకునేది. తీసిన గుంటల్లోనే నీళ్లు దిగి కట్ట చెడిన ఏడూ ఉంది.

ఆ ఏడు కొత్త నీరుగంటి ఓబయ్య వచ్చాడు. మళ్లీ చెమ్మ కనబడింది, గునపాలు లేచాయి.

"అయ్యా, మొన్ననే వాన పడింది. కాస్త ఆరనియ్యండి" అన్నాడు.

ఆరాక కూడా చెమ్మ ఉంది. ఓబయ్య చెరువు చుట్టూ తిరిగి నీళ్లెంతున్నాయో అంచనా కట్టాడు. "ఇంత పెద్ద చెరువుకు ఈ ఊట పెద్ద లెక్క కాదయ్యా. పక్కూరి కుంటకు ఇంతే ఊరితే నేను ఉరుకుతా."

"అయితే వదిలేద్దామా?"

"అప్పుడే కాదు. కట్ట మీద ఒకసారి నడవనియ్యండి."

నడిచాడు. మరవ పక్కన ఒక్కచోట మట్టి కుంగి ఉంది. "తవ్వితే ఇక్కడ తవ్వండి." తవ్వితే మోచేతి లావు బొరియ!

మరుసటేడు మళ్లీ చెమ్మ. ఈసారి కట్టంతా చూసినా అనుమానమైన చోటు లేదు.

"ఏమీ లేదని రాసిస్తావా?" అన్నాడు పెద్దకాపు.

"రాసియ్యను. ఇప్పుడు తవ్వే పని లేదని చెప్తా. మళ్లీ వచ్చి చూస్తా."

నీతి: ఒక్క గుర్తు చూసి గునపం ఎత్తకూడదు.

ప్రోస్టేట్ పరీక్షలకూ ఇదే నీతి. మగవాళ్ల ప్రోస్టేట్ గ్రంథి నుంచి పి.ఎస్.ఎ. అనే ప్రోటీను రక్తంలోకి ఊరుతుంది. అది 4 దాటితే బయాప్సీ (సూదితో ముక్క తీసి చూడడం) అనడం పాత అలవాటు. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. అందుకే ముందు మళ్లీ పరీక్ష చేయించాలి, ఆపైన ఎం.ఆర్.ఐ. 2018లో వెలువడిన ప్రెసిషన్ అధ్యయనంలో 500 మంది పాల్గొన్నారు. ఎం.ఆర్.ఐ. ముందు తీయించుకున్నవారిలో 28 శాతం మందికి సూది అవసరమే పడలేదు. అయినా ముప్పు తెచ్చే క్యాన్సర్లు ఆ గుంపులో 38 శాతం మందిలో దొరికితే, పాత పద్ధతిలో 26 శాతం మందిలోనే దొరికాయి.

పి.ఎస్.ఎ.ని గ్రంథి పరిమాణంతో భాగించి చూడడం ఇంకా తెలివైన పని. పి.ఎస్.ఎ. 6, గ్రంథి 60 మిల్లీలీటర్లు అయితే 0.10. అదే 6కు గ్రంథి 30 అయితే 0.20. చాలామంది డాక్టర్లు 0.15ను గీతగా పెట్టుకుంటారు. ఎం.ఆర్.ఐ.లో అనుమానానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 4, 5 వస్తే ఈ లెక్క తక్కువున్నా సూది తప్పదు. తికమక పెట్టేది 3. అక్కడే ఈ భాగహారం అక్కరకొస్తుంది. 1, 2 వచ్చి లెక్కా తక్కువుంటే సాధారణంగా ఆగి, పి.ఎస్.ఎ. చూస్తూ ఉండవచ్చు.

ప్రోస్టేట్ వాపుకు ఫినాస్టెరైడ్, డ్యుటాస్టెరైడ్ మాత్రలు చాలాకాలంగా వేసుకుంటున్నవాళ్లలో పి.ఎస్.ఎ. దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మాత్రల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.