ముట్టడిలో చెట్టుపై దయ

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 20:19, 20, 2 రాజులు 6:8–23



బాపులపాడు, నూజివీడు ప్రాంతపు వారమైన మనకు మామిడిచెట్టు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అంటు నాటి, కంచె కట్టి, వేసవిలో కడవలతో నీళ్లు మోసి, నాలుగైదేండ్లు కనిపెట్టినగాని కాపు కంటబడదు. నరుకుటకు ఒక్క పూట చాలును. కనుక ధర్మశాస్త్రమందలి యొక ఆజ్ఞ మనకు సులభముగా బోధపడును. పట్టణమును పట్టుకొనుటకు బహుదినములు ముట్టడి వేసినను, అచ్చటి ఫలవృక్షములపై గొడ్డలి వేయరాదు. వాటి పండ్లు తినవచ్చును గాని వాటిని నరుకరాదు. చెట్టు మనతో యుద్ధమునకు వచ్చినదా? అదే అధ్యాయములో మనలను వణకించు కఠినవాక్యములును గలవు. అవి లేనట్టు నటించుట మాకిష్టము లేదు. అయినను యుద్ధము నడుమ సహితము దేవుడు ఒక హద్దురాయి పాతెను.

మన పెద్దల కాలములోనే ఇట్టి దండయాత్ర మన పొరుగున జరిగినది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము నైజాము రాజ్యములోనికి పలుదిక్కులనుండి ప్రవేశించెను. ప్రధాన దళము షోలాపూరునుండి బయలుదేరగా, మనవైపున బెజవాడనుండి మరియొక దళము నడిచెను. అది ఆ ఉదయమే కోదాడను, మధ్యాహ్నమునకు మునగాలను చేరెను. పిమ్మట సూర్యాపేట పట్టుబడెను. వెనుదీయువారు మూసీనది వంతెనను పడగొట్టిరి గాని, దానికి కాపు లేనందున అది త్వరలోనే బాగుచేయబడెను. 17న నైజాము లొంగెను. 18న జనరల్ ఎడ్రూస్ జనరల్ చౌధురికి లొంగుబాటు తెలిపెను. యుద్ధము అయిదే దినములు.

ఆ వార్తకు మన జిల్లాలో సంతోషము కలుగుట వింత కాదు. రజాకార్లకు భయపడి ఎల్ల దాటి వచ్చిన కుటుంబములు ఇచ్చట తలదాచుకొనియుండెను. ఆ ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఒక్క దినముననే ఎనుబదిమందికి పైగా చంపబడిరి. ఆ గ్రామపు తల్లులతో ఈ దండయాత్ర తప్పని చెప్పగల ధైర్యము మాకు లేదు.

కాని ఆరవ దినమున ఏమి జరిగెను? ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములు విస్తారముగా వధింపబడిరి. రజాకారు కానివాడును రజాకారుని అప్పు తీర్చవలసివచ్చెను. పండిత సుందర్‌లాల్‌గారి సంఘము ప్రభుత్వము పంపగా ఆ సంవత్సరాంతమున అచ్చట తిరిగి చూచి, పోయిన ప్రాణములు 27,000 మొదలు 40,000 వరకు ఉండునని అంచనా వేసెను. కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడిలో చేయి కలిపిరనియు వ్రాసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రకటింపబడలేదు.

ఎలీషాను పట్టుకొనుటకు సిరియనులు రాత్రివేళ దోతానును చుట్టుకొన్న సంగతి మీరు ఆదివారపు బడిలో వినియున్నారు. గుఱ్ఱములును అగ్నిరథములును మనకు బాగుగా జ్ఞాపకమున్నవి. తరువాతి మాటయే మరచుచున్నాము. ఆ శత్రువులు గ్రుడ్డివారై షోమ్రోను నడిబొడ్డున చిక్కినప్పుడు, కొట్టుదునా కొట్టుదునా యని రాజు ఆత్రపడెను. ప్రవక్త వద్దనెను. అన్నపానములు పెట్టించెను. రాజు గొప్ప విందే చేయించి వారిని పంపివేసెను. ఆ మీదట సిరియనుల దోపుడు దండులు ఇశ్రాయేలు దేశములోనికి రాలేదు. ఆ పట్టణములో ఎందరు రొట్టెలు కాల్చవలసివచ్చెనో, సణుగుకొనుచు కాల్చినవారెందరో గ్రంథము చెప్పదు గాని, మనము ఊహించుకొనవచ్చును.

సుందర్‌లాల్‌గారి నివేదికలోనే ఇట్టివారును కనబడుచున్నారు. కొన్ని ఊళ్లలో హిందూ నేతగాండ్రు తమతోడి వృత్తివారైన ముస్లిము నేతగాండ్రకు అడ్డము నిలిచి, ఆ ప్రయత్నములో ప్రాణములు సహితము పోగొట్టుకొనిరి. వారు మన సువార్త విన్నవారో కారో మాకు తెలియదు. మనమైతే విన్నాము. ఊరి తగవులో మన పక్షము గెలిచిన మరునాడు, ఓడినవాని తోటలో పిందెలు దులుపునది ఎవరో, చూచియు చూడనట్టు పోవునది ఎవరో మనకు తెలియును.

సెప్టెంబరు 17ను ఒకరు విమోచనమనియు, ఒకరు విలీనమనియు పిలుచుచున్నారు. ఆ దినమునకు దగ్గరి ఆదివారమున ప్రార్థన నడిపించు పెద్దలు బైరాన్‌పల్లి మృతులను, బీదరు మృతులను ఒకే ప్రార్థనలో జ్ఞాపకము చేయవలెనని కోరుచున్నాము.