జీర్ణోద్ధరణ ధర్మము

పాతవస్తువును బాగుచేయువానికి దానిపై నెంతవఱ కధికారము కలదు? ఇది వడ్రంగిపనికి సంబంధించిన ప్రశ్నవలె కనబడును గాని, విచారించినచో ధర్మమునకు సంబంధించినది. ఒక గిటారు నుదాహరణముగా గొని దీనిని పరిశీలింతము.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున, కలమజూ నగరమందు, గిబ్సన్ సంస్థవారు 1902 మొదలు 1984 వఱకు వాద్యములను చేసిరి. 1965 ప్రాంతమున తమ గిటారులలో పెక్కింటి మెడను వారు సన్నము చేసిరి. తంత్రులు మెడపై కెక్కుచోట అంతకుముందు సుమారు 43 మిల్లీమీటర్లున్న వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లకు తగ్గెను. చూచువానికి మూడు మిల్లీమీటర్లు లెక్కలోనివి కావు. ఆఱు తంత్రుల నడుమ వ్రేళ్లు మోపువానికి మాత్రము అది గొప్ప మార్పు.

అట్టి గిటారు అఱువదియేండ్లకు పనివాని చేతికి వచ్చినదనుకొందము. ఉక్కుతంత్రులు శ్రుతిలో నున్నప్పుడు మొత్తముమీద సుమారు 70 కిలోగ్రాముల బరువుతో మెడను లాగుచుండును. ఏండ్లు గడచినకొలది మెడ ముందుకు వంగును, పైపలక యుబ్బును, తంత్రులు మెట్లకు మిక్కిలి యెత్తున నిలిచి వాయించువాని వ్రేళ్లను నొప్పించును. పనివాడు కీలునకు ఆవిరి పట్టించి, మెడ నూడదీసి, వాలు సవరించి మరల నతికించును. పలకలోని నెఱ్ఱెలను జిగురుతో మూసి, లోపల చిన్న చెక్కముక్కల నానించును. ఇందు తప్పు పట్టువా రుండరు. పూర్వపు శిల్పులు పశుచర్మములను కాచి తీసిన జిగురును వాడెడివారు. అది వేడికిని తేమకును విడును. తమ పనిని ఎన్నడో మఱియొకడు విప్పవలసివచ్చునని వా రెఱుగుదురు కాబోలు.

చిక్కంతయు మెడ కడ వచ్చును. లావైన వ్రేళ్లుగల యజమాని “ఇది నా చేతి కిఱుకు, మార్చివేయుడు” అనును. వేఱొకడు 1930 ప్రాంతపు గిటారు తెచ్చి “దీని మెడ మిక్కిలి లావు, చిత్రిక పట్టుడు” అనును. అట్లు గీయించుకొన్నవారును కలరు. కాని మెడ లావునకు కారణ ముండును. బిగింపు సవరించుటకు వీలగునట్లు మెడలోపల నమర్చు ఉక్కుకడ్డీకి 1923లో గిబ్సన్ సంస్థలోని తాడియస్ మెక్‌హ్యూ పేరిట పేటెంటు లభించెను. ఆ కడ్డీ యున్నచో సన్నని మెడయు నిలువగలదు. లేనిచో కఱ్ఱయే బరువంతయు మోయవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఉక్కు కఱవై, కడ్డీ లేకుండ చేసిన కొన్ని గిటారులకు లావైన మెడ లుండుట యిందువలననే. కారణ మెఱుగక గీసినవాడు బలమునే గీసివేయును. అతికినదానిని విప్పవచ్చును, గీసిన కఱ్ఱ తిరిగి రాదు.

“వాద్యము వాయించుటకు గాని పూజించుటకు గాదు, సొమ్ము నాది, చేయి నాది” అని యజమాని వాదింపవచ్చును. మొదటిమాట నిజమే. వాద్యమును పేటికలో దాచుట నేనును మెచ్చను. అయినను నెఱ్ఱెకును సన్నదనమునకును భేదము కలదు. నెఱ్ఱె యెవరి చేతిలోనైనను నెఱ్ఱెయే. సన్నని మెడ యొకని కిఱుకు, చిన్నచేతులవానికి వరము. మొదటిది దోషము, రెండవది స్వభావము. దోషమును తీర్చుట జీర్ణోద్ధరణము. స్వభావమును మన చేతికొలతకు చెక్కుట అహంకారము. మార్చక తప్పనిచో, తీసిన మెడను భద్రపఱచి, చేసిన పనిని వ్రాసి యుంచుట కనీసధర్మము. ఆ సంగతి దాచి యమ్ముట మోసము.

సంస్కారము కోరువారమగు మన కీ భేదము మఱింత ముఖ్యము. నేను ఉపాధ్యాయుడనైన తొలియేండ్లలో, ఎడమచేత వ్రాయు నొక బాలునిచే బలవంతముగా కుడిచేత వ్రాయించితిని. వానికి మేలు చేయుచున్నాననియే నమ్మితిని. వాని యక్షరములు వంకరపోయెను. కొంతకాలమునకు తరగతిలో చేయెత్తి ప్రశ్న లడుగుటయు మానెను. వాని చేతిలో లోప మేమియు లేదు. అది నా చేతివంటిది కాదు, అంతియే.

మన యాచారములలో నెఱ్ఱెలు పెక్కు కలవు. చదువుకొనగోరు బాలికకు పెండ్లి చేసి బడి మాన్పించుట యెవరి యింటనైనను నెఱ్ఱెయే. అట్టివానిని సంకోచింపక విప్పి సరిచేయుదము. కాని చిత్రిక చేతబట్టుటకు ముందు, ఇది విఱిగినదా, లేక నా చేతి కలవాటు లేనిదా యని యొక్కసారి మనలను మన మడుగుకొనవలెను. ఆ బాలుని విషయమున నే నడుగుకొనలేదు.