సంతకాలు పెరిగితే పాపం తగ్గుతుందా?

ఒక పనికి పదిమంది ఒప్పుకుంటే, దాని పాపం పదో వంతు చొప్పున పంచుకుపోతుందా? రెవెన్యూలో ఉద్యోగం చేసి మంథనిలో స్థిరపడిన నాకు ఈ సందేహం పురాణ కాలక్షేపంలో రాలేదు. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో, షామియానాల కింద వచ్చింది.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఆ సభ జరిపించేది కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత కలెక్టరుది, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారిది. పెద్ద ప్రాజెక్టయితే ఢిల్లీలో నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది, కేంద్ర పర్యావరణ శాఖ అనుమతిస్తుంది. అడవి పోతుంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద వేరే ఫైలు. కవ్వాల్ వంటి పులుల అడవి అడ్డమొస్తే వన్యప్రాణి బోర్డుకు ఇంకో ఫైలు. భూసేకరణ, పునరావాసం మా రెవెన్యూవి.

బొగ్గు ఓపెన్‌కాస్టు కోసం పెట్టిన ఒక సభలో ఒక పెద్దామె లేచింది. "సారూ, బాంబులు పేలిస్తే గోడలు పగులుతున్నయి. బాయిల నీళ్లు లేవు. గిది ఎవలకు చెప్పుకోవాలె?" గోడల సంగతి గనుల భద్రత వాళ్లదని ఒక అధికారి, నీళ్ల సంగతి భూగర్భ జలాల వాళ్లదని ఇంకొక అధికారి అన్నారు. ఇద్దరి మాటా నియమం ప్రకారం సరైందే. "మీరు శానమంది ఉన్నరు గని, నా బతుకు ఒక్కటే గద సారూ" అన్నదామె.

వాల్మీకి కాకముందు రత్నాకరుడు దారిదోపిడీ సొమ్ముతో ఇల్లు సాకాడు. పాపంలో పాలు తీసుకుంటారా అని అడిగితే ఆలుబిడ్డలు కాదన్నారని మనకు తెలిసిన కథ. చేసినవాడి భారం ఇంకొకరు మోయరు. అదే సంప్రదాయం మరో మాటా చెబుతుంది: చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురూ ఫలంలో సమానులే. రెండూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: పాపం ముక్కలు కాదు. చేయి కలిపిన ప్రతివాడికీ మొత్తంగా అంటుతుంది.

చిన్న గుమస్తా ఒక్క సంతకానికి అంత బరువా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తనకు తెలియని ఫలితానికి అతన్ని తప్పుపట్టలేం. కానీ పక్క శాఖ ఏమన్నదో అడిగే వీలుండీ అడగకపోతే, ఆ మౌనం అతనిదే.

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. కాళేశ్వరుడంటే యముడు, ముక్తీశ్వరుడంటే శివుడు. ముందు కాళేశ్వరుడికి పూజ చేసి, తర్వాతే ముక్తీశ్వరుడి దగ్గరికి వెళ్లడం ఆచారం. లెక్క చెప్పుకున్నాకే విడుదల అని నేను దాన్ని తీసుకుంటాను. ఆ దేవుడి పేరే పెట్టుకున్న ఎత్తిపోతల పథకానికి 2016 మే 2న శంకుస్థాపన జరిగింది. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబరులో. పనులు చాలావరకు సాగిపోయాక ఇచ్చిన ఆ అనుమతి చట్టవిరుద్ధమని 2020 అక్టోబరు 20న జాతీయ హరిత ట్రిబ్యునల్ తేల్చింది. 2019 జూన్ 21నే ప్రారంభోత్సవం అయిపోయింది. రైతుకు నీళ్లివ్వాలన్న సంకల్పం పుణ్యమైనదే, సందేహం లేదు. అయినా లెక్క వెనక్కి పోయి, విడుదల ముందుకొచ్చింది.

2018లో పరివేష్ పోర్టల్ వచ్చింది. పర్యావరణ, అటవీ, వన్యప్రాణి అనుమతుల దరఖాస్తులు ఒకే చోటికి చేరాయి. మంచిదే. కానీ ఫైళ్లు కలిసినంత మాత్రాన మనసులు కలవవు. నేను కోరే సమన్వయం వేరు. ప్రజాభిప్రాయ సేకరణ సభలో అన్ని శాఖలూ కూర్చోవాలి. ఒక శాఖ అభిప్రాయం రాసేముందు మిగతావాటి అభిప్రాయాలు చదివి, వాటికి జవాబు చెప్పాలి. ఊరివాళ్లు అడిగిన ప్రతిదానికీ అధ్యక్షత వహించిన అధికారి తన పేరుతో రాతలో బదులివ్వాలి. ఇదంతా మొదటి తట్ట మట్టి ఎత్తకముందే జరగాలి.

ఇది పనులకు అడ్డం పడటం కాదు. ఆమోదించినవాడికీ సమాన ఫలమన్నప్పుడు, ఆమోదించే ముందు మొత్తం చూడటమే అతని ధర్మం. ఆ పెద్దామె అడిగింది దయ కాదు, ఆ ధర్మాన్నే.