వంతు అయ్యాక చుక్కాని అప్పగించాలి



"అంతా అమ్మవారే చూసుకుంటుందంటే ఇక మనం చేయాల్సిందేముంది? అంతా మనమే చేయాలంటే ఇక అమ్మవారెందుకు?" శరణాగతి మాట ఎత్తినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు ఒక చిన్న పడవలో దొరుకుతుందని ఈ వారం వీడియోలో చెప్పాను. అక్కడ టైమ్ చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఆ పడవ పేరు తారిణి. మన నౌకాదళానికి చెందిన తెరచాప పడవ, పొడవు 55 అడుగులు. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా అధికారులు ఇందులో గోవా నుంచి బయలుదేరి, భూగోళం చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లే, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. పసిఫిక్ దాటడానికే 41 రోజులు పట్టింది. పడవకు ఆ పేరు ఒడిశా గంజాం జిల్లాలో కొండ మీద వెలసిన తారా తారిణి అమ్మవారిది. తారిణి అంటే దాటించేది.

ఇలాంటి పడవలో బతుకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. స్టవ్ పడవతో పాటు ఊగుతూ ఉంటుంది, లేకపోతే గిన్నె నిలవదు. పడుకుంటే దొర్లి పడకుండా పక్కకు గుడ్డ అడ్డం కట్టుకోవాలి. పైకి వెళ్తే నడుముకు తాడు తగిలించుకోవాలి. మంచినీళ్లు లెక్కగా వాడాలి. రాత్రీ పగలూ ఎవరో ఒకరు మేలుకొని ఉండాల్సిందే. అందుకే వంతులు. వంతు అయ్యాక గాలి ఎటుంది, పడవ ఎటు పోతోంది, దగ్గర్లో ఓడలేమైనా ఉన్నాయా అన్నీ చెప్పి, చుక్కాని అప్పగించి, కిందికి దిగి పడుకోవాలి. పడుకోవడం కూడా డ్యూటీయే. "నేను లేకపోతే ఎలా" అని పైనే కూర్చుంటే రేపటి తుఫానుకు ఆ మనిషి పనికిరాదు.

మన ఇళ్లలో జరిగేదేంటి? నాన్నగారు ఆస్పత్రిలో ఉంటే ముగ్గురు పిల్లలూ ముగ్గురూ రాత్రంతా మేలుకుంటారు. మూడో రోజుకి డాక్టర్ చెప్పింది ఒక్కరికీ బుర్రకెక్కదు. ప్రేమ ఉంది, కానీ అప్పగించడం రాలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. అమ్మవారిని మనం వంతు తీసుకునే ఏడో మనిషి అనుకుంటున్నాం. "ఆవిడ చేస్తే నేను చేయక్కర్లేదు" అనే లెక్క అక్కడే పుడుతుంది. ఆవిడ పడవండీ! మేలుకున్నవాళ్లనీ, నిద్రపోయినవాళ్లనీ కూడా మోసేది ఆవిడే. చుక్కాని పట్టుకున్న చేతికి ఆధారం ఆవిడే. కాబట్టి మన పని తగ్గదు, మన భయం తగ్గుతుంది. గీత 12వ అధ్యాయంలో భగవానుడు సంసార సాగరం దాటిస్తానని మాట ఇచ్చింది కూడా కర్మలు మానేసినవాళ్లకు కాదు, చేసిన కర్మలన్నీ తనకు అప్పగించినవాళ్లకు.

ఈ వారం సాధన: రాత్రి దీపం దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. ఈరోజు ఏం చేశారో, ఏం మిగిలిందో, దేనికి భయంగా ఉందో అమ్మకు చెప్పండి. "నా వంతు అయింది తల్లీ" అని ఫోన్ పక్కన పెట్టి పడుకోండి. పొద్దున లేవగానే మళ్లీ మీ వంతే. అప్పుడు మాత్రం బద్ధకించకండి.

వచ్చే వారం కలుద్దాం. శ్రీ మాత్రే నమః.