పిట్టగోడ లేని యిల్లు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



ఇల్లు కట్టుకొనువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ పెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. గోడ లేనందున ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటివారిదే. పడిన తరువాత ఏడ్చుట చాలదు. పడకమునుపే గోడ కట్టుట ప్రేమ.

మన యిండ్లలో పక్షవాతముతో మంచము పట్టినవారు, చూపు తగ్గిన వృద్ధులు, మతిస్థిమితము లేని బిడ్డలు ఉన్నారు. నిప్పంటుకొనినప్పుడు మనము పరుగెత్తుదుము, వారు పరుగెత్తలేరు. వారికి కావలసిన పిట్టగోడ ఏది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాక తెల్లవారుజామున కాలిపోయెను. వారు గొలుసులతో కట్టబడియుండుటచేత తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. మనము ఎవరిని గొలుసులతో కట్టుట లేదందుము. అయితే కూలికి పోవునప్పుడు ముసలితల్లిని లోపలనుంచి, బయట తాళము వేయుట లేదా? ఆమె దారి తప్పునేమో, బావిలో పడునేమో యను భయముచేతనే అట్లు చేయుచున్నారు. కాని నిప్పు పుట్టినప్పుడు ఆ తాళమే గొలుసగును. తాళము వేయక పొరుగువారికి అప్పగించి పొండి. పొరుగువారు లేనిచోట సంఘస్థులు వంతులవారీగా వచ్చి కూర్చుండవలెను.

మెఫీబోషెతును జ్ఞాపకము చేసికొనుడి (2 సమూయేలు 4:4). దాది ఐదేండ్ల బిడ్డనెత్తుకొని పారిపోవుచుండగా, ఆ తొందరలో బిడ్డ పడి కుంటివాడాయెను. ఆమెకు ప్రేమ లేక కాదు. ఆపద హఠాత్తుగా వచ్చెను. గనుక ఎవరు ఎత్తవలెనో, ఏ తలుపున పోవలెనో ముందే నిర్ణయించుకొనుడి. ఎత్తలేనియెడల దుప్పటిమీద పరుండబెట్టి ఈడ్చుకొని పొండి. పొగ పైకి పోవును గనుక మీరును వంగియే పొండి.

రోగి మంచము తలుపు దగ్గర, పొయ్యికి దూరముగా ఉండవలెను. దోమలచుట్టను మంచము క్రింద పెట్టకుడి. దీపమును, కొవ్వొత్తిని దోమతెరకు దూరముగా ఉంచుడి. మూర్ఛరోగము గలవారిని ఒంటరిగా పొయ్యియొద్ద విడువకుడి. రాత్రి గ్యాస్ రెగ్యులేటరు కట్టివేయుడి. గ్యాస్ గాలికంటె బరువైనది గనుక నేలమట్టమున నిలుచును. వాసన వచ్చినయెడల అగ్గిపుల్ల గీయక, స్విచ్చి ముట్టక, తలుపులు తెరచి, రోగిని బయటికి తెచ్చి, తరువాత 1906కు ఫోను చేయుడి. మంటలకైతే 101. కాలిన చోట 20 నిమిషములు చల్లని నీళ్లు పోయుడి. సిరా, పేస్టు పూయకుడి.

“ప్రార్థించితిమి, దేవుడే కాపాడును” అని కొందరు అందురు. దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు దేవుని శోధింప నొల్లలేదు (మత్తయి 4). ప్రార్థించిన చేతులతోనే బయట తాళము వేయుట విశ్వాసము కాదు.

సంఘపెద్దలారా, స్వయముగా లేవలేనివారు ఏ వీధిలో ఎవరున్నారో ఈ ఆదివారమే వ్రాసికొని, ప్రతివారికి ఇద్దరిని నియమించుడి. కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాయువుగలవానికొరకు ఇంటికప్పునే విప్పిరి (మార్కు 2). మనము తలుపైనను తెరచియుంచలేమా?

ప్రభువా, మాకప్పగించిన బలహీనులను మెలకువగా కాయు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.