పిజ్జా కొట్టులో దానం

దానంలో ఇచ్చేవాడి చెయ్యి పైన, పుచ్చుకునేవాడి చెయ్యి కింద ఉంటాయి. పోతన భాగవతంలో బలి చక్రవర్తికి ఈ సంగతి బాగా తెలుసు. సాక్షాత్తూ విష్ణువు చెయ్యే కిందికి వచ్చినప్పుడు ఇంతకన్నా ఏం కావాలని అతను పొంగిపోతాడు. పుచ్చుకున్నది వామనుడు కాబట్టి ఆ కథలో ఇచ్చినవాడే చివరికి తగ్గాడు. మామూలు మనుషుల మధ్య అలా జరగదు. తిన్నవాడి ఆకలి తీరుతుంది, దాంతోపాటు అతను ఒక మెట్టు కిందికి దిగుతాడు. ఆ మెట్టు దిగకుండా అన్నం తినే దారి ఉందా అన్నది ఇక్కడి ప్రశ్న. దీన్ని పరిశీలించడానికి సత్రం కన్నా చవక పిజ్జా కొట్టే మంచి చోటు. అమ్మకం, అప్పు, దానం మూడూ అక్కడ ఒకే బల్ల మీద జరిగాయి.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రోజాస్ ఫ్రెష్ పిజ్జా అనే చిన్న కొట్టు ఒక ముక్కను ఒక డాలరుకు అమ్మేది. వాల్ స్ట్రీట్ ఉద్యోగం మానేసి వచ్చిన మేసన్ వార్ట్‌మన్ దాని యజమాని. 2014 ప్రాంతంలో ఒక గిరాకీ తన ముక్కతోపాటు ఇల్లు లేని మరొకరి కోసం ఇంకో ముక్కకు డబ్బు కట్టాడు. గుర్తుగా ఒక చీటీ గోడకు అంటించారు. తరవాత చాలామంది అదే పని చేయడంతో గోడ నిండా రంగురంగుల చీటీలు వెలిశాయి. డబ్బు లేనివాడు వచ్చి ఒక చీటీ ఇస్తే ముక్క చేతికొచ్చేది. దీనికి మూలం ఇటలీలోని నేపుల్స్. అక్కడి కాఫీ కొట్లలో ఒక కప్పు తాగి రెండు కప్పులకు డబ్బు కట్టి వెళ్ళే ఆచారం ఉంది. రెండోది ఎవరు అడిగితే వారికి. పిజ్జా కొట్లు కూడా ఆ పద్ధతిని అందుకున్నాయి.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ తన ధర్మశాస్త్ర గ్రంథం ‘మిష్నే తోరా’లో దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. మొహం ముడుచుకుని ఇచ్చేది అన్నిటికన్నా కింది మెట్టు. ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడు, పుచ్చుకునేవాడికి ఇచ్చేవాడు తెలియకపోవడం పైనుంచి రెండోది. ఉదాహరణకు ఆయన జెరూసలేం ఆలయంలోని ఒక గదిని చూపిస్తాడు. పుణ్యాత్ములు అందులో రహస్యంగా డబ్బు వేసేవారు, చితికిపోయిన మంచి కుటుంబాలవారు రహస్యంగా తీసుకునేవారు. పిజ్జా కొట్టు గోడ ఈ మెట్టుకు దగ్గరగా వస్తుంది గానీ పూర్తిగా అందుకోదు. చీటీ అంటించినవాడు వెళ్ళిపోయాడు, అతన్ని ఎవరూ చూడరు. తీసుకునేవాడు మాత్రం వరసలో పదిమంది చూస్తుండగా చెయ్యి చాచాలి. రహస్యం ఒక వైపే మిగిలింది.

ఉమ్మడి నిధికి ఇచ్చేటప్పుడు దాన్ని నడిపేవాడు నమ్మకస్తుడని తెలిస్తేనే ఇవ్వాలని కూడా మైమొనిడీస్ అంటాడు. చీటీల లెక్క చూసేది కొట్టు యజమానే కాబట్టి ఈ షరతు ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. ఇచ్చేవాడు యజమానిని ఎరిగుండాలి. అందుకే ఇలాంటివి పేటలో నలుగురికీ తెలిసిన సొంత కొట్లలో కుదురుతాయి.

పాత్రత సంగతి వేరు. దేశం, కాలం, పాత్రం చూసి, తిరిగి ఉపకారం చేయలేనివాడికి ఇచ్చేది సాత్త్విక దానమని భగవద్గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది. చీటీకి డబ్బు కట్టినవాడు తిరిగి ఉపకారం ఆశించకూడదన్న షరతును పాటిస్తాడు, పాత్రతను మాత్రం చూడనే చూడడు. అన్నం విషయంలో ఈ లోటును ఆచారమే సర్దుకుంది. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ కాని వేళ వచ్చినవారికీ వండి పెట్టింది. ఆకలి ఉంటే చాలు, వేరే అర్హత అడగలేదు.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఇంకో కోణం చూపాడు. 1797లో వచ్చిన నీతిశాస్త్ర గ్రంథంలో, ఉపకారం పొందినవాడికి భారం తోచకుండా చూడటం ఇచ్చేవాడి బాధ్యతే అంటాడు. అవతలివాడు పుచ్చుకోవడం తనకు గౌరవమన్నట్టు నడుచుకోవాలి, రహస్యంగా చేయగలిగితే మరీ మంచిది. సిక్కుల లంగర్ (ఉమ్మడి భోజనం) ఈ చిక్కును మొదట్లోనే తెంపేసింది. ఉన్నవాడూ లేనివాడూ ఒకే పంక్తిలో కూర్చుని అదే రొట్టె తింటారు కనక ఎవరు బీదో పోల్చడానికే వీల్లేదు. అయితే లంగర్‌లో అందరికీ ఉచితమే. వ్యాపారం అలా నడవదు.

వ్యాపారానికి కుదిరే ఇంకో పద్ధతి నేపుల్స్‌లోనే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తరవాతి గడ్డు రోజుల్లో ఇళ్ళ ముందు ఆడవాళ్ళు పిజ్జాలు నూనెలో వేయించి అమ్మేవారు. ఇవాళ తిని ఎనిమిది రోజులకు డబ్బిస్తే సరిపోయేది. విత్తోరియో దె సికా 1954లో తీసిన ‘లోరో ది నాపొలి’ చిత్రంలో సోఫియా లోరెన్ నటించిన కథ ఇలాంటి అరువు కొట్టుదే. ఇది ఉత్త ఖాతా వ్యాపారంలా కనిపిస్తుంది. మైమొనిడీస్ లెక్కలో మాత్రం అప్పివ్వడం, వ్యాపారంలో భాగం ఇవ్వడం, పని చూపించడం అన్నిటికన్నా పై మెట్టు, మామూలు దానం కన్నా పైది. అరువు తీసుకున్నవాడు బిచ్చగాడు కాడు, బాకీదారు. వాళ్ళిద్దరి మధ్య దూరం చాలా ఉంది. బాకీదారు రేపు తీరుస్తాడని కొట్టు నమ్మింది, ఆ నమ్మకమే అతనికి దక్కిన మర్యాద. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు ఇది మరీ ముఖ్యం. వాళ్ళు పిల్లల ఎదుట గిరాకీలుగానే కూర్చుని తిని లేస్తారు.

తక్కువ ధర కూడా ఈ అరువు లాంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలైన అన్న క్యాంటీన్లలో భోజనానికి అయిదు రూపాయలు పెట్టారు. అయిదు రూపాయలతో ఖర్చు గిట్టదు, తేడా ప్రభుత్వమే భరిస్తుంది. అయినా డబ్బిచ్చి టోకెన్ తీసుకున్నవాడు కొన్నవాడే, కూర బాగాలేదని గట్టిగా చెప్పగలడు. ప్రైవేటు కొట్టులో ఆ తేడాను భరించే ప్రభుత్వం లేదు. డాలరుకే ముక్క అమ్మితే ఆ భారం ఎవరి మీద పడుతోందో, పొయ్యి దగ్గర నిలబడ్డవాడి జీతం మీదా, యజమాని లాభం మీదా, చూడాల్సి ఉంటుంది. పనివాడికి న్యాయంగా రావలసింది తగ్గించి ఇంకొకడికి చవకగా పెడితే, ఇక్కడ చెప్పిన ఏ మెట్టు మీదా దానికి చోటు లేదు.